దుప్పటికి అటువైపు

“నేను రానని అనడం లేదు. అతని ఎదుట కూర్చుని చెప్పలేనంటున్నాను,” అంది ఆర్డెల్. పొద్దుటి నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

ట్వైలా చేతిలోని కాఫీ గిన్నెను పొయ్యి మీద ఠపీమని పెట్టింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. ఇక్కడ కోపం కన్నతల్లి మీద, దొరికింది గిన్నె.

తెల్లవారితే కోర్టు. నాలుగేళ్లుగా జైల్లో ఉన్న ట్వైలా భర్త డెల్విన్‌ను రేపు పట్నం తీసుకొస్తారు. అతని తరఫున లాయరు హాల్వర్సన్ వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌ను జడ్జి కొట్టెయ్యలేదని, సాక్షుల్ని పిలిచి వింటానన్నారని పోయిన వారం కబురు వచ్చినప్పుడు ఈ తల్లీకూతుళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇవాళ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

“అతని ఎదుట కాకపోతే ఎక్కడ చెప్తావమ్మా? ఆయన్ని బయట కూర్చోబెట్టి నీ మాట వినమని లాయరమ్మ అడిగింది. జడ్జి గారు ఒప్పుకోలేదు. ‘మా ఇంట్లో ఉన్నది ఈ మనిషే’ అని చెప్పేవాళ్లు ఆ మనిషి ముందే చెప్పాలట.”

“ఆ జడ్జికి అత్తగారు లేరేమో.”

వేరే రోజైతే ట్వైలా నవ్వేది.

లకోటా అనే ఈ అమెరికా ఆదివాసీ తెగ ఇళ్లల్లో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు. మొహం చూసుకోకూడదు, నేరుగా మాట్లాడుకోకూడదు, పేరెత్తకూడదు. అది పగ కాదు, మర్యాద. ఈ కాలం పిల్లలకి అవేవీ పట్టవు. అత్తగారి పక్కన కూర్చుని బింగో ఆడే అల్లుళ్లు ఆ ఊళ్లోనే బోలెడు మంది. ఆర్డెల్ పాతకాలపు మనిషి. డెల్విన్ అమ్మమ్మ చేతుల మీద పెరిగినవాడు గనక అతనూ అంతే. పెళ్లయిన నాటి నుంచి అతను ముందు తలుపులో అడుగు పెడితే ఆమె వెనక తలుపులోంచి వెళ్లేది. ఈ ఇంటికి రెండు తలుపులు లేకపోతే మీ పెళ్లి నిలిచేది కాదని మేనమామ లెవాన్ ట్వైలాను ఏడిపించేవాడు.

ఆ మర్యాదే డెల్విన్ మెడకు చుట్టుకుంది.

గేలెన్ అనే కుర్రాణ్ని ఎవరో కొట్టి మంచులో పడేసి పోయారు. తెల్లారేసరికి చచ్చిపోయి ఉన్నాడు. ఆ రాత్రి మంచు తుపాను. తాగి ఉన్న ఒక మనిషి, కొట్టినవాడు డెల్విన్‌లా ఉన్నాడని ముందు అన్నాడు, తర్వాత డెల్వినేనన్నాడు. తెగ భూమి మీద హత్య జరిగితే అది కేంద్ర ప్రభుత్వపు ఫెడరల్ కోర్టుకు పోతుంది. అక్కడ ఇరవై రెండేళ్ల శిక్ష పడింది.

ఆ రాత్రంతా డెల్విన్ ఉన్నది ఈ ఇంట్లో. ఆర్డెల్‌కి న్యుమోనియా. ట్వైలా పట్నంలో హోటలు బట్టలుతికే పనిలో ఉండి, రోడ్లు మూసేయడంతో అక్కడే చిక్కుకుపోయింది. ముసలావిడ పొయ్యి ఆరిపోతే చలికి బతకదని డెల్విన్ ట్రక్కులో కట్టెలు వేసుకుని వచ్చాడు. వచ్చి, పొయ్యి ఉన్న ఆ ఒక్క గదికీ అడ్డంగా తాడు కట్టి, దాని మీద దుప్పటి వేలాడేశాడు. అటు ఆవిడ మంచం, ఇటు పొయ్యీ తనూ. తెల్లవార్లూ కట్టెలు వేస్తూ కూర్చున్నాడు. దీనికి ఆ ఇద్దరే సాక్షులు.

“ఆ క్రౌస్ అనేవాడు వచ్చినప్పుడైనా చెప్పి ఉండాల్సింది,” అంది ట్వైలా.

“ఎలా చెప్పను? మీ ఆయన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.”

క్రౌస్ మొదటి విచారణలో కోర్టు పెట్టిన లాయరు. డెల్విన్ అప్పటికింకా బెయిలు మీద బయటే ఉన్నాడు. ఆ లాయరు అతన్ని వెంటబెట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి, బల్ల దగ్గర అత్తనీ అల్లుణ్నీ ఎదురెదురుగా కూర్చోమన్నాడు. ఆర్డెల్ శాలువా తల మీదికి లాక్కుని, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఈ ముసలామెకు అల్లుడంటే గిట్టదు, బోనెక్కిస్తే కొంప ముంచుతుంది అనుకున్నాడు లాయరు. మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఆవిడ లేచి వెళ్లింది మర్యాద కొద్దీ అని ఊళ్లో ఏ పసిపిల్లనడిగినా చెప్పేది. పట్నం లాయరుకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అందరికీ తెలిసిన సంగతే గదా, అంత చదువుకున్నాయనకు తెలియకుండా ఉంటుందా అనుకున్నారు. జడ్జికి కూడా తెలిసే ఉంటుందనుకున్నారు. ఆ అనుకోవడంతోనే విచారణ అయిపోయింది, శిక్షా పడిపోయింది.

ఇప్పుడు చేతిలో మిగిలింది ఈ పిటిషన్ ఒక్కటే. అదీ శిక్ష వేసిన జడ్జి దగ్గరికే వెళ్లి, అయ్యా, అప్పటి విచారణ సక్రమంగా జరగలేదు, లాయరు పిలవాల్సిన సాక్షిని పిలవలేదు అని చెప్పుకోవాలి. ఒక్కసారి కొట్టేస్తే మళ్లీ వేయడానికి దారులు దాదాపు మూసుకుపోయినట్టేనని హాల్వర్సన్ దాపరికం లేకుండా చెప్పింది. తాడో పేడో రేపే తేలాలి.

ట్వైలా వచ్చి తల్లి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

“అమ్మా, ఒక్క మాట చెప్తాను, విను. ఆ రాత్రి అతన్ని చూశావా అని అడుగుతారు. చూశానను. అంతే. ఇంకేం అక్కర్లేదు.”

“చూళ్లేదే.”

“ఇంట్లో ఉన్నాడా, లేడా?”

“ఉన్నాడు.”

“ఉన్నవాణ్ని చూశానంటే అబద్ధమెలా అవుతుంది?”

“చూడనిది చూశానంటే అబద్ధం కాక ఏమవుతుందే?”

“ఎవరికి నష్టం? నిజంగా ఉన్నాడు గదా!”

ఆర్డెల్ బల్ల మీద ఎండు మాంసం ముక్కలు విరిచి గిన్నెలో వేసుకుంటోంది. విరిచిన ముక్కనే మళ్లీ విరిచింది.

“చెయ్యెత్తి ప్రమాణం చేయిస్తారు,” అంది చివరికి. “చేసిన నోటితోనే అబద్ధమాడితే, మిగతాది కూడా ఎందుకు నమ్మాలి వాళ్లు? అయినా ఇదంతా పదిమందిలో ఎలా చెప్పుకోను? ఒక గదిలో, ఒక రాత్రి, నేనూ నా అల్లుడూ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.”

“నీ కాళ్ల మీద పడితే తుడుచుకోవచ్చు. ఆయన అక్కడ కుళ్లిపోతున్నాడు.”

“తెలుసు.”

“నీకేం తెలుసు? ఆయన బయటికి వచ్చేసరికి నేను ముసలిదాన్ని అవుతాను. నాకు పిల్లలు పుట్టరు. రాత్రి పడుకుంటే పక్కన గోడ తప్ప ఇంకేం ఉండదు. నువ్వు మాత్రం నీ మర్యాద పట్టుకుని కూర్చో. నీ మర్యాదే ఆయన్ని జైలుకు పంపింది.”

అది ట్వైలాకు నాలుగేళ్లుగా మనసులో ఉన్న మాటే. ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఇవాళ ఆగలేదు.

ఆర్డెల్ ముక్కలు విరవడం ఆపింది. కూతుర్ని తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకుంది ట్వైలా. తిట్టినా బాగుండేది. ఆవిడ చేతులు కడుక్కుని, తలుపు తీసుకుని బయటికి వెళ్లి, గాలిలో ఊగుతున్న బట్టలన్నీ తీగ మీంచి తీసి ఒక్కొక్కటే మడత పెట్టుకుంటూ నిలబడింది. వాటిలో సగం ఇంకా తడిగానే ఉన్నాయి.

సాయంత్రం తన మంచి గౌను తీసి ఇస్త్రీ చేసుకుంది. అది కోర్టుకో, ఎక్కడికైనా వెళ్లిపోవడానికో ట్వైలాకు తెలియలేదు.

*

పొద్దున్నే లెవాన్ ట్రక్కు తెచ్చాడు. పిలవకుండానే ఆర్డెల్ వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. అక్క మొహం, మేనకోడలి మొహం చూసి సంగతేమిటో లెవాన్ అడగలేదు. పుట్టినప్పటి నుంచి ఈ ఇంటి మౌనాలు చూస్తున్నవాడు. ఏ మౌనం ఎన్ని మైళ్లు నడుస్తుందో అతనికి తెలుసు.

బ్యాడ్‌లాండ్స్ బీళ్ల దగ్గర కొండలు ఎర్రగా, తెల్లగా చారలు చారలుగా కనబడుతుండగా ఇక ఉండబట్టలేక మొదలుపెట్టాడు.

“అక్కా, మన అమ్మ చెర్రీ పొదల్లో ఇరుక్కుపోయిన రోజు గుర్తుందా? పెద్ద బావ దారి మధ్యలో కూర్చుని చెప్పు బాగు చేసుకుంటున్నాడు. అమ్మ బయటికి రాలేదు, ఆయన లేవలేదు. పొద్దుగూకేదాకా పొదలోనే కూర్చుని పచ్చి కాయలన్నీ తినేసింది. కడుపునొప్పి వస్తే బావే పోయి మందు తెచ్చాడు. తెచ్చి, ‘కంచె గారూ, ఇది ఆవిడకివ్వండి’ అన్నాడు.”

“కంచెతో కాదురా, గుర్రంతో,” అంది ఆర్డెల్.

“అదే, గుర్రంతో. గుర్రం ఏమందట?”

ఆర్డెల్ పెదవి ఒకవైపు వంగింది. అంతకన్నా నవ్వలేదు. కాసేపటికి, కిటికీలోంచి చూస్తూనే, వెనక సీట్లో ఉన్న కూతుర్ని అడిగింది.

“తిండి సరిగ్గా పెడుతున్నారా అక్కడ? సన్నబడ్డాడా?”

ఇన్నేళ్లలో తల్లి డెల్విన్ గురించి ఇలా అడగడం ఇదే మొదటిసారి. ట్వైలా ముందుకు వంగింది. “తెలీదమ్మా. చూసి ఏడాది దాటింది,” అంది. జైలు రెండు రాష్ట్రాల అవతల ఉంది. పోవాలంటే మాటలు కాదు.



*

కోర్టులో సాక్షులు తమ వంతు వచ్చేదాకా బయటే ఉండాలి. లోపల ఎవరేం చెప్పారో వాళ్లకు చెప్పకూడదని, చెబితే మొదటికే మోసమని హాల్వర్సన్ ట్వైలాను గట్టిగా హెచ్చరించింది. ఆర్డెల్ వరండాలో బల్ల మీద తమ్ముడి పక్కన కూర్చుంది. ట్వైలా ఒక్కతే లోపలికి వెళ్లింది.

కోర్టు పోలీసులైన మార్షల్స్ ఇద్దరు డెల్విన్‌ను పక్క తలుపులోంచి తీసుకొచ్చారు. చేతులకు గొలుసు, నడుముకు గొలుసు. సన్నబడ్డాడు. చెవుల దగ్గర నెరిసింది. ట్వైలాను చూసి గడ్డం కొంచెం పైకెత్తాడు. పలకరించే వీలు లేదు, దగ్గరికి వెళ్లే వీలు లేదు. ఆమె గుడ్లనీరు గుడ్లలోనే కుక్కుకుని, తనూ గడ్డం ఎత్తింది. తర్వాత అతను వీపు ఆమె వైపు పెట్టి కూర్చున్నాడు.

మొదట క్రౌస్‌ను పిలిచారు. ట్వైలా మనసులో అతనొక రాక్షసుడు. చూస్తే భుజాలు వంగిన, అలసిపోయిన పెద్దమనిషి. దాచకుండా చెప్పాడు. వెళ్లాను, ఆమె మొహం కప్పుకుని లేచిపోయింది, వ్యతిరేకమనుకున్నాను, మళ్లీ వెళ్లలేదు. ఆమె ఏం చెప్పగలదో విడిగా కనుక్కున్నారా అని హాల్వర్సన్ అడిగితే లేదన్నాడు. ఎందుకు లేచిపోయిందో ఎవర్నైనా అడిగారా అంటే దానికీ లేదనే అన్నాడు. జడ్జి ఏదో రాసుకున్నారు. ట్వైలా గంపెడాశతో ఆ కలం వైపు చూసింది.

అప్పుడు ప్రభుత్వ న్యాయవాది లేచాడు. చిన్న వయసువాడు, మర్యాదగా మాట్లాడే మనిషి.

“ఆమెను సాక్షిగా పిలిచే విషయం మీ క్లయింటుతో మాట్లాడారా?”

“మాట్లాడాను.”

“ఆయన ఏమన్నారు?”

క్రౌస్ డెల్విన్ వైపు చూసి, కళ్లు దించుకున్నాడు. “వద్దన్నాడు. ఆవిణ్ని కోర్టుకు లాగొద్దు అన్నాడు. ‘పదిమందిలో నా గురించి మాట్లాడించి ఆవిడ పరువు తీయలేను. ఆవిడ రాకపోతే ఓడిపోతామంటే ఓడిపోదాం’ అన్నాడు.”

హాల్వర్సన్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఇది ఆమెకూ కొత్తే. పిలవొద్దని క్లయింటే చెప్పి ఉంటే లాయరు తప్పు ఎంత మిగులుతుంది?

ట్వైలాకు లాయరు తప్పు సంగతి తోచలేదు. డెల్విన్ మెడ వెనక వైపు చూస్తూ కూర్చుంది. ఆయనే వద్దన్నాడు. జైలుకు వెళ్లేటప్పుడు చెప్పలేదు, ఉత్తరాల్లో చెప్పలేదు, గాజు అద్దానికి అటు కూర్చుని ఫోనులో మాట్లాడినప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్లూ తను తల్లి వండిన కూడు తింటూ తల్లినే లోలోపల శాపనార్థాలు పెట్టింది. ఆమెకు కోపం రావాలి, ఎవరి మీద రావాలో తెలియలేదు. మొగుడి మీద వస్తే అతను గొలుసుల్లో ఉన్నాడు.

ఆర్డెల్ వైట్ ప్లూమ్‌ను పిలవమన్నారు. ట్వైలా తనే లేచి వరండాలోకి వెళ్లింది.

తల్లి లేచి నిలబడి గౌను సర్దుకుంటోంది. విన్నది చెప్పకూడదు. ట్వైలా ఆవిడ భుజం మీద శాలువా సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సరిచేసింది.

“అమ్మా, నిన్న నేనన్నది మర్చిపో.”

“ఏది? జైలు మాటా, చూశానను అన్న మాటా?”

“రెండూ.”

ఆర్డెల్ కూతురి మొహంలోకి చూసింది. లోపల ఏదో జరిగిందని ఆవిడకు అర్థమైంది. ఏమిటని అడగలేదు. కూతురి బుగ్గ మీద ఒక్కసారి చెయ్యి వేసి, లోపలికి నడిచింది.

*

నేల చూస్తూ నడిచి వెళ్లి ప్రమాణం చేసింది. నేల చూస్తూనే కూర్చుంది.

హాల్వర్సన్ మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. ఆర్డెల్ ఒక్కొక్కటే చెప్పింది. జ్వరం, తుపాను, కట్టెల ట్రక్కు, తాడు, దుప్పటి. గొంతు చిన్నదే గాని తొణకలేదు. అల్లుడి పేరు ఎత్తాల్సిన చోటల్లా ‘నా కూతురి భర్త’ అంది. అత్తా అల్లుళ్ల మర్యాద ఏమిటో హాల్వర్సన్ అడిగి చెప్పించింది. క్రౌస్ వచ్చిన రోజు ఎందుకు లేచిపోయిందో కూడా చెప్పించింది. క్రౌస్ వెనక వరసలో కూర్చుని నుదురు రుద్దుకున్నాడు.

“ఆ రాత్రి ఆయన మీతో మాట్లాడారా?”

“లేదు. కుక్కతో మాట్లాడాడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆర్డెల్ పట్టించుకోలేదు.

“మాకు టర్నిప్ అని కుక్క ఉండేది. ‘టర్నిప్, సూప్ వేడిగా ఉంది, దుప్పటి కింద పెడుతున్నాను’ అనేవాడు. నేను తాగాక, ‘టర్నిప్, ఉప్పు తక్కువైంది’ అనేదాన్ని. దగ్గు ఎక్కువైనప్పుడు, ‘టర్నిప్, తెల్లారగానే రోడ్డు తెరుస్తారు, అప్పటిదాకా ఊపిరి తీసుకుంటూ ఉండాలి’ అన్నాడు. తీసుకుంటూ ఉన్నాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ట్వైలా రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ఆ కుక్క మాటలేవీ ఆమెకు తెలియవు. తన మొగుడు తన తల్లిని ఇలా బతికించాడని ఇంతమంది మధ్య కూర్చుని వినాల్సి వచ్చింది.

ప్రభుత్వ న్యాయవాది లేచి, ముందు ఆమె ఆరోగ్యం అడిగాడు. ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా అసలు దానికొచ్చాడు.

“ఆ రాత్రి మీరు ఆయన మొహం చూశారా అమ్మా?”

నిన్నటి మాట వెనక్కి తీసుకున్నది ట్వైలానే. తీసుకున్నా సరే, ఆ క్షణాన ఆమె ప్రాణమంతా ఒక్క మాట కోసం కొట్టుకుంది. చూశానను అమ్మా. ఒక్కసారి అను.

“చూడలేదు,” అంది ఆర్డెల్.

“వేరే ఎప్పుడైనా?”

“పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ ఎప్పుడూ చూడలేదు.”

“అంటే ఆయన మొహం ఎలా ఉంటుందో మీకు తెలియదు.”

“తెలియదు.”

“ఆ రాత్రి మీకు జ్వరం. గదికి అడ్డంగా దుప్పటి. అటువైపు ఉన్న మనిషి మీతో ఒక్క మాటా మాట్లాడలేదు. మరి అది ఈయనే అని ఎలా చెప్పగలరు?”

“నడక తెలుసు. కట్టె పొయ్యిలో విసరడు, పెడతాడు. గొంతు తెలుసు.”

“తుపానులో, జ్వరంలో, కుక్కతో మాట్లాడే గొంతు. ఇంకెవరైనా అయి ఉండొచ్చు కదా?”

ఆర్డెల్ నేల మీంచి కళ్లు తీయలేదు.

“ఇంకెవరైనా అయితే దుప్పటి ఎందుకు కడతాడు బాబూ?”

ఆ కుర్రాడు కాగితాలు తిప్పి, ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు. హాల్వర్సన్ మొహంలో పొద్దుటి నుంచి లేని వెలుగు కనబడింది.

అయిపోయిందనుకుంటుండగా జడ్జి గారు ముందుకు వంగారు. ముసలాయన. నాలుగేళ్ల కిందట ఇరవై రెండేళ్లని చదివి వినిపించిన గొంతు అదే.

“అమ్మా, మీ ఆచారాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ రేపు పైకోర్టు వాళ్లు ఈ కాగితాలు చదువుతారు. ఆ రాత్రి మీ ఇంట్లో ఉన్న మనిషి ఈ గదిలో ఉన్నాడా? ఉంటే, ఒక్కసారి చూసి చూపించండి.”

హాల్వర్సన్ లేచింది. జడ్జి చెయ్యెత్తి ఆమెను ఆపారు.

ఆర్డెల్ వేళ్లు శాలువా కుచ్చులను పట్టుకుని వదిలాయి, మళ్లీ పట్టుకున్నాయి. ఆవిడ లేచి వెళ్లిపోతుందని ట్వైలా భయపడింది. వెళ్లిపోయినా తను ఏమీ అనకూడదనుకుంది. ఆవిడ లేవలేదు. మెల్లగా, బరువు మోస్తున్నట్టు, తల ఎత్తింది. ముందు జడ్జి బల్లను చూసింది. తర్వాత కళ్లు జరుపుకుంటూ, జీవితంలో మొదటిసారి, అల్లుడు కూర్చున్న వైపు చూసింది.

డెల్విన్ తల దించుకున్నాడు.

దించుకోవడమే కాదు, చేతులు గొలుసుకు కట్టేసి ఉన్నాయి గనక మొహం కప్పుకోలేక, భుజంలో మొహం దాచుకుని గోడ వైపు తిరిగిపోయాడు. తప్పు చేసినవాడు తప్పించుకున్నట్టే ఉంది చూసేవాళ్లకి. ప్రభుత్వ న్యాయవాది చటుక్కున తలెత్తి చూశాడు.

“మిస్టర్ టూ లాన్స్, తల ఎత్తండి,” అన్నారు జడ్జి, డెల్విన్‌ను ఇంటిపేరుతో పిలిచి.

అతను ఎత్తలేదు.

హాల్వర్సన్ అతని చెవిలో గబగబా ఏదో చెప్పింది. అతను అడ్డంగా తల ఊపాడు. నాలుగేళ్లు లేవమంటే లేచి, కూర్చోమంటే కూర్చుని, గోడకు తిరిగి నిలబడమంటే నిలబడిన మనిషి. ఇప్పుడు వినలేదు.

“ఇది కోర్టు ఆజ్ఞ. తల ఎత్తండి.”

ఎత్తవయ్యా, ఎత్తు, అని ట్వైలా లోపల అరుస్తోంది. నీ కోసం ఆవిడ కళ్లెత్తింది. ఇన్నేళ్ల మర్యాద నీ కోసం వదిలేసింది. నీకేం పోయింది? అరుస్తూనే, అతను ఎత్తడని ఆమెకు తెలుసు. తను ప్రేమించింది ఈ మనిషినే. ఆ సంగతే ఆమెను ఇప్పుడు చంపేస్తోంది.

“ఆయన్ని తిట్టకండి,” అంది ఆర్డెల్.

గది అంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ చెయ్యెత్తి, వేలు ఒకరి మీదికి చాపడం మర్యాద కాదు గనక అరచెయ్యి తెరిచి చూపించింది.

“ఈ గదిలో ఇంతమంది నా వైపు చూస్తున్నారు. అదిగో, చూడకుండా తల దించుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. అతనే. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్నది అతనే.”

ప్రభుత్వ న్యాయవాది లేచాడు. సాక్షి ఖైదీ మొహాన్ని గుర్తుపట్టలేకపోయిందని నమోదు చేయమన్నాడు. అతని మాట పూర్తికాక ముందే హాల్వర్సన్ లేచి, సాక్షి ఖైదీని గుర్తుపట్టిందని నమోదు చేయమంది.

జడ్జి గారు ఇద్దర్నీ కూర్చోమన్నారు. కలం తీసుకున్నారు. కాగితం మీద ఆనించి, ఏమీ రాయకుండా, గోడ వైపు తిరిగి ఉన్న ఆ వంగిన మెడను చూస్తూ ఉండిపోయారు. డెల్విన్ భుజాలు కదులుతున్నాయి. ఆర్డెల్ మళ్లీ నేల చూస్తోంది. ట్వైలా ఇద్దరిలో ఎవర్నీ చూడలేక, జడ్జి చేతిలోని కలాన్నే చూస్తూ కూర్చుంది.